ప్రాణం నిలపడం నేర్పిన బొమ్మలవాడు
(ఆస్‌మండ్ లేర్డాల్ జీవిత రేఖలు)

మనది బొమ్మలకు పుట్టినిల్లయిన నేల. కొండపల్లిలో పొణికి కర్రతోను, ఏటికొప్పాకలో లక్కపూతతోను, నిర్మల్‌లో కంటికింపైన రంగులతోను బొమ్మలు చేసే కళాకారులు తరతరాలుగా మన మధ్య ఉన్నారు. అయినా బొమ్మ అనగానే పిల్లల ఆటవస్తువనీ, పండుగనాటి కొలువుకు అలంకారమనీ మాత్రమే మనకు స్ఫురిస్తుంది. ఒక బొమ్మ లక్షలాది మందికి విద్యాగురువు కాగలదని, ఆ గురువు నేర్పిన విద్య వల్ల ఆగిపోయిన గుండె మళ్ళీ కొట్టుకోగలదని ఎవరైనా చెబితే కల్పితకథ అనుకుంటాము. కాని అది కథ కాదు. ఐరోపా ఖండపు ఉత్తర కొసన ఉన్న నార్వే దేశంలో, స్టవాంగర్ అనే రేవుపట్టణంలో, ఒక బొమ్మల వర్తకుడు ఈ పనిని చేసి చూపాడు. ఆయన పేరు ఆస్‌మండ్ లేర్డాల్.

మహాపురుషుల జీవితాలను ముచ్చటించేటప్పుడు మనం సాధారణంగా రాజనీతిజ్ఞులనో, కవులనో, శాస్త్రవేత్తలనో ఎన్నుకుంటాము. లేర్డాల్ వీరిలో ఏ కోవకూ చెందరు. ఆయన వైద్యుడు కారు, శాస్త్రజ్ఞులు అంతకన్నా కారు. ఆసుపత్రుల్లో పుట్టిన ఒక విద్యను బడిపిల్లల చేతుల్లో పెట్టడమే ఆయన చేసిన ఘనకార్యం. కనుగొన్నవారి పేర్లు గ్రంథాల్లో నిలుస్తాయి. కనుగొన్నదానిని నలుగురికీ పంచినవారిని లోకం తొందరగా మరచిపోతుంది. ఆ మరపును కొంతవరకైనా తొలగించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త అటూ ఇటూగా జన్మించిన లేర్డాల్ 1940లో, ముప్పయ్యేళ్ళు నిండకముందే, స్టవాంగర్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థను నెలకొల్పారు. శుభాకాంక్షల కార్డులు, పిల్లల పుస్తకాలు అందులో వెలువడేవి. ఆ సంవత్సరం ఎటువంటిదో చరిత్ర చదివిన విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. 1940 ఏప్రిల్‌లో జర్మన్ సేనలు నార్వేను ఆక్రమించాయి. 1945 మే వరకు ఆ దేశం పరాధీనంగానే ఉంది. అటువంటి రోజుల్లో పిల్లల కోసం పుస్తకాలు అచ్చువేయాలన్న తలంపు రావడమే ఆయన స్వభావాన్ని తెలుపుతుంది. పుస్తకాలతోపాటు కొయ్యబొమ్మల తయారీ కూడా ఆ సంస్థ చేపట్టింది.

యుద్ధం ముగిసిన తరువాత ప్లాస్టిక్ అనే కొత్త పదార్థం లోకమంతటా వ్యాపించసాగింది. దానిని గట్టిగానూ చేయవచ్చు, మెత్తగానూ చేయవచ్చు. మెత్తని ప్లాస్టిక్‌తో ఆటవస్తువులు చేస్తే పిల్లల చేతికి గీసుకోవు, కిందపడితే పగలవు. ఈ సంగతిని నార్వేలో ముందుగా గ్రహించిన కొద్దిమందిలో లేర్డాల్ ఒకరు. ఆయన కర్మాగారంలో తయారైన చిన్నచిన్న మోటారుబండ్ల బొమ్మలు ఎన్నో దేశాలకు ఎగుమతి అయ్యాయి. నిజమైన జుట్టులా కనిపించే జుట్టుతో, పడుకోబెడితే కళ్ళు మూసే ఒక ఆడపిల్ల బొమ్మ కూడా అక్కడ తయారై పిల్లల ఆదరణ పొందింది. ఆ బొమ్మ పేరు ఆన్. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. కొద్ది సంవత్సరాల తరువాత ఇదే పేరు వేరొక రూపంలో ప్రపంచమంతా పాకింది.

మెత్తని ప్లాస్టిక్‌ను మనిషి చర్మంలా మలచడంలో లేర్డాల్ సంపాదించిన నేర్పు పౌరరక్షణ శాఖవారి దృష్టికి వచ్చింది. గాయపడినవారికి ప్రథమ చికిత్స చేయడంలో శిక్షణ ఇవ్వాలంటే గాయాలు కావాలి కదా! అచ్చం గాయాల్లా కనిపించే కృత్రిమ గాయాలను ఆయన ప్లాస్టిక్‌తో చేసి ఇచ్చారు. చిరిగిన చర్మం, విరిగిన ఎముక, కాలిన మచ్చ అన్నీ చూసేవారికి నిజమే అనిపించేవి. బొమ్మల వర్తకుడికీ వైద్యవిద్యకూ తొలి పరిచయం ఇలా కలిగింది.

రెండవ పరిచయం ఇంతకన్నా దారుణమైనది. అది ఆయన సొంత ఇంట్లోనే జరిగింది. రెండేళ్ళ వయసున్న ఆయన కుమారుడు టోరె ఒకనాడు నీటిలో పడిపోయాడు. తండ్రి పరుగున వెళ్ళి బిడ్డను పైకి తీసేటప్పటికి ఒంట్లో కదలిక లేదు. లేర్డాల్ బిడ్డ శరీరాన్ని నొక్కి గొంతుకు అడ్డుపడిన నీటిని వెలికి రప్పించగలిగారు. బిడ్డ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై తరువాతి కాలంలో తండ్రి సంస్థకు అధిపతి అయ్యాడు. తన బిడ్డ తన చేతుల్లోనే చావుబ్రతుకుల మధ్య ఊగిసలాడిన ఆ కొద్ది క్షణాలను ఏ తండ్రి మరువగలడు? వైద్యుడు వచ్చేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఆ తండ్రి మనస్సులో నాటుకుపోయి ఉండాలి. ఆయన తరువాతి జీవితమంతా ఆ ప్రశ్నకు ఇచ్చిన సమాధానంలాగే కనిపిస్తుంది.

ఇక్కడ ఆ కాలపు శాస్త్రస్థితిని కొంత వివరించవలసి ఉన్నది. ఆగిన ఊపిరిని మళ్ళీ ఆడించాలన్న ప్రయత్నం మానవునికి కొత్తది కాదు. 1732లో స్కాట్లండ్ దేశపు వైద్యుడు ఒకరు బొగ్గుగనిలో స్పృహతప్పిన కార్మికుని నోటిలోకి తన నోటితో గాలి ఊది బ్రతికించారు. 1740లో పారిస్ విజ్ఞాన పరిషత్తు నీట మునిగినవారికి ఇదే పద్ధతిని సిఫారసు చేసింది. 1767లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో నీట మునిగినవారిని రక్షించడానికి ఒక సంఘమే ఏర్పడింది. అయినా కాలక్రమాన ఈ పద్ధతి మూలపడిపోయింది. పరాయివారి నోటికి నోరు తాకించడం అసహ్యమని కొందరు భావించారు. మనం విడిచిన గాలి ఎదుటివారికి ఎందుకు పనికివస్తుందని మరికొందరు సందేహించారు. వాటి స్థానంలో రోగిని బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కడం, చేతులు పైకెత్తి దించడం వంటి పద్ధతులు వచ్చి ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగం వరకు పాఠ్యపుస్తకాల్లో చెలామణి అయ్యాయి.

ఈ పద్ధతుల డొల్లతనాన్ని బయటపెట్టినవారు అమెరికాలోని ఇద్దరు మత్తువైద్యులు. ఒకరు జేమ్స్ ఎలమ్. రెండవవారు వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పీటర్ సఫార్. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు ఉంటే, విడిచే గాలిలోనూ 16 పాళ్ళకు తగ్గకుండా ఉంటుంది. ఒక ప్రాణాన్ని నిలపడానికి అది చాలునని ఎలమ్ నిరూపించారు. సఫార్ మరొక అడుగు ముందుకు వేశారు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారికి మత్తు ఇచ్చి, కండరాలు కదలకుండా చేసే మందు ఎక్కించి, ఊపిరి ఆగిన స్థితిలో ఏ పద్ధతి ఎంత గాలిని లోపలికి పంపుతుందో బాల్టిమోర్ నగరంలో కొలిచి చూశారు. స్పృహలేని మనిషి నాలుక వెనక్కి జారి గొంతును మూసివేస్తుంది. అందువల్ల వీపు నొక్కినా చేతులెత్తినా చాలాసార్లు గాలి లోపలికి పోనేపోదు. తలను వెనక్కి వంచి గడ్డం పైకెత్తితే దారి తెరుచుకుంటుంది. అప్పుడు నోటితో ఊదిన గాలి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. వైద్యవిద్య ఎరుగని సామాన్యులచేత ఈ పని చేయించి, వారూ చేయగలరని సఫార్ లోకానికి చూపించారు.

1958 ఆగస్టులో ఉత్తర ఐరోపా దేశాల మత్తువైద్యుల సమావేశం నార్వేలోని గౌస్‌డాల్‌లో జరిగింది. అక్కడ సఫార్ తన ప్రయోగ ఫలితాలను వివరించారు. విన్నవారిలో స్టవాంగర్ ఆసుపత్రి వైద్యుడు బ్యోర్న్ లిండ్ ఉన్నారు. ఈ విద్య వైద్యుల సొత్తుగా మిగిలిపోతే ప్రయోజనం లేదని ఆయన గ్రహించారు. మనిషి నీట మునిగేది ఆసుపత్రిలో కాదు. కుప్పకూలేది వైద్యుని ఎదుట కాదు. ఆ క్షణాన పక్కన ఉండేది తల్లో, అన్నో, తోటి విద్యార్థో, దారిన పోయే బాటసారో. మెదడుకు ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే అది చెడిపోవడం మొదలవుతుంది. వైద్యుడు ఎంత సమర్థుడైనా ఆ నాలుగైదు నిమిషాల్లో రాలేడు. కాబట్టి ఎవరు పక్కన ఉంటారో వారికే ఈ విద్య రావాలి. అంటే అందరికీ రావాలి. అందరికీ రావాలంటే బడిలోనే నేర్పాలి.

కాని నేర్పడం ఎట్లా? చిక్కంతా ఇక్కడే ఉంది. ఈత నేర్చుకోవడానికి చెరువు ఉంది, సైకిలు నేర్చుకోవడానికి సైకిలు ఉంది. చావుకు దగ్గరగా ఉన్న మనిషిని అభ్యాసం కోసం ఎక్కడినుంచి తెస్తాము? ఆరోగ్యంగా ఉన్న తోటివారి నోటిలోకి ఊదమంటే ఎవరు ముందుకు వస్తారు? నల్లబల్లమీద బొమ్మ గీసి చెబితే చెవులు వింటాయే కాని చేతులకు రాదు. తల ఎంత వంచాలో, గాలి ఎంత ఊదాలో చేతికి, ఊపిరికి తెలియవలసిన సంగతులు.

లిండ్ ద్వారా ఈ సమస్య లేర్డాల్ చెవిని పడింది. మెత్తని ప్లాస్టిక్‌తో మనిషి చర్మాన్ని తలపించగల నేర్పు, కృత్రిమ గాయాలు చేసిన అనుభవం, బిడ్డను నీటిలోనుంచి తీసిన తండ్రి గుండె, ఈ మూడూ ఒక్కచోట కలిశాయి. నిలువెత్తు మనిషి పరిమాణంలో ఒక బొమ్మను చేయాలని ఆయన సంకల్పించారు. బొమ్మ నిజమైన మనిషిలా ఉంటేనే నేర్చుకునేవాడు మనసుపెట్టి నేర్చుకుంటాడని ఆయన నమ్మకం.

ఆ బొమ్మ నిర్మాణంలో ఒక కీలకం ఉంది. తల మామూలుగా ఉంటే దాని గొంతు మూసుకుని ఉంటుంది. ఎంత ఊదినా గాలి లోపలికి పోదు. తలను సరిగా వెనక్కి వంచితేనే దారి తెరుచుకుని గాలి లోపలికి పోతుంది, అప్పుడు రొమ్ము పైకి లేస్తుంది. విద్యార్థి చేసింది తప్పో ఒప్పో ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు, బొమ్మే చెబుతుంది. బెత్తం లేకుండా, కేకలు లేకుండా, చేసిన తప్పును అక్కడికక్కడే తెలియజేసే ఇటువంటి గురువు ఎంతమందికి దొరుకుతాడు? అధ్యాపక వృత్తిలో ఉన్న మాబోటివారు ఈ బొమ్మను చూసి నేర్చుకోవలసినది ఉంది.

ఇక ముఖం సంగతి. ఆనాటి పురుషులు మగబొమ్మ పెదవులను తాకడానికి సంకోచిస్తారని తలచి లేర్డాల్ ఆ బొమ్మకు స్త్రీ రూపం ఇచ్చారు. ఎటువంటి ముఖం పెట్టాలా అని ఆలోచిస్తున్నప్పుడు, తమ పెద్దల ఇంట గోడమీద వేలాడుతూ ఉండిన ఒక ముఖప్రతిమ ఆయనకు జ్ఞాపకం వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో పారిస్ నగరంలో సేన్ నదిలో ఒక యువతి శవం దొరికిందని, ఆమె ఎవరో తెలియలేదని, ఆ ముఖంలోని ప్రశాంతతకు ముగ్ధుడైన శవాగారపు ఉద్యోగి ఒకరు సుద్దతో ఆ ముఖానికి పోత తీయించాడని ఒక కథ ఉంది. ఆ పోతకు నకళ్ళు తయారై ఐరోపా అంతటా ఇళ్ళ గోడలమీద అలంకారాలయ్యాయి. నీట మునిగినవారి ముఖం అంత నిర్మలంగా ఉండజాలదని, ఆ పోత ఎవరో బ్రతికి ఉన్న యువతి ముఖంనుంచి తీసినదే కావచ్చునని తరువాతివారు అభిప్రాయపడ్డారు. నిజమెట్లా ఉన్నా, కాపాడే చేయి దొరకక నీటిపాలైనదని లోకం నమ్మిన ఒక అనామకురాలి ముఖాన్నే ప్రాణరక్షణ నేర్పే బొమ్మకు పెట్టడంలో లేర్డాల్ హృదయం కనిపిస్తుంది. ఎవరూ కాపాడని ఆ యువతిని కాపాడడానికి ఆనాటినుంచి నేటివరకు కోట్లమంది వంగి కూర్చున్నారు.

1960లో ఆ బొమ్మ లోకానికి పరిచయమయింది. పిల్లల బొమ్మకు పెట్టిన ఆన్ అన్న పేరునే ఆయన దీనికీ పెట్టారు. రెససి ఆన్ అన్న పేరుతో అది ప్రసిద్ధి పొందింది.

అదే సంవత్సరం మరొక ముఖ్యమైన విషయం వెలువడింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో కౌవెన్‌హోవెన్ అనే విద్యుత్ ఇంజనీరు, జూడ్, నికర్‌బాకర్ అనే సహచరులతో కలిసి, రొమ్ము కోయకుండానే పైనుంచి లయబద్ధంగా నొక్కితే ఆగిన గుండెనుంచి రక్తం ప్రవహిస్తుందని ప్రకటించారు. ఊపిరి ఊదడం, రొమ్ము నొక్కడం, ఈ రెండూ కలిసి నేడు మనం సి.పి.ఆర్. అని పిలుస్తున్న ప్రక్రియ రూపుదిద్దుకుంది. బొమ్మ రొమ్ములో ఒక స్ప్రింగు అమర్చితే నొక్కడం కూడా అభ్యసించవచ్చునని సఫార్ సూచించగా లేర్డాల్ వెంటనే అమర్చారు. కొట్టుకుంటున్న గుండెను అంత బలంగా నొక్కడం ప్రమాదకరం కనుక ఈ విద్యను మనిషిమీద అభ్యసించరాదు. కాబట్టి బొమ్మ అవసరం రెట్టింపయింది.

బొమ్మ తయారైనంత మాత్రాన పని పూర్తి కాలేదు. దానిని బడికి చేర్చాలి. స్టవాంగర్ పాఠశాలల్లో బాలబాలికలకు లిండ్ ఈ విద్యను నేర్పి, పిల్లలు దీనిని నేర్చుకోగలరని వైద్యలోకానికి పత్రముఖంగా తెలియజేశారు. ఇది పెద్దల పని, పిల్లలకెందుకన్న శంక అక్కడా లేకపోలేదు. చావు అన్న మాటే పిల్లల ఎదుట పలకరాదని భావించే తల్లిదండ్రులు ఏ దేశంలోనైనా ఉంటారు. కాని పిల్లలకు బొమ్మ అంటే భయం ఉండదు. పెద్దలకు సిగ్గూ సంకోచమూ అడ్డం వచ్చినచోట పిల్లలు ఆటలా నేర్చుకుపోతారు. బొమ్మల వర్తకునికి ఈ రహస్యం ముందే తెలుసు.

బీద పాఠశాలలు ఇంత ఖరీదైన బొమ్మను ఎట్లా కొంటాయన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. నార్వేలోని పొదుపు బ్యాంకులు ముందుకు వచ్చి వందలాది బొమ్మలను పాఠశాలలకు విరాళంగా ఇచ్చాయి. 1961 ప్రాంతంలో ఆ దేశపు పాఠశాలల్లో ఈ శిక్షణ ప్రవేశించింది. అదే ఏడు ఆగస్టులో వివిధ దేశాల వైద్యులు స్టవాంగర్‌లోనే సమావేశమై ప్రాణరక్షణ పద్ధతులను, వాటిని నేర్పే మార్గాలను చర్చించారు. ఒక చిన్న రేవుపట్టణం ప్రపంచానికి పాఠశాల అయింది.

ఆ తరువాత లేర్డాల్ దృష్టి ఆటబొమ్మలనుంచి క్రమంగా వైద్యపరికరాలవైపు మళ్ళింది. ఊపిరి అందించే సంచి వంటి సాధనాలు ఆయన సంస్థనుంచి వెలువడ్డాయి. ఆయన సన్యాసి కారు, వర్తకుడు. బొమ్మలను ఉచితంగా పంచలేదు, అమ్మారు. సంస్థ లాభాలు గడించింది, పెరిగింది. ఈ సంగతిని దాచవలసిన పని లేదు. ధర్మబద్ధమైన వర్తకాన్ని ఇస్లాం గౌరవంగానే చూసింది. అంతిమ ప్రవక్త వారు సైతం వర్తకం చేసినవారే. వర్తకుడు తన నేర్పును దేనికి వినియోగించాడన్నదే చూడవలసినది. లాభం తెచ్చిపెడుతున్న ఆటబొమ్మల వ్యాపారం చేతిలో ఉండగా, ఎవరు కొంటారో తెలియని ఒక బొమ్మకోసం ఆయన తన శ్రమనూ ధనాన్నీ వెచ్చించారు. 1980లో ఆత్యయిక వైద్య పరిశోధనలకు సహాయం చేయడానికి ఒక నిధిని ఏర్పాటు చేశారు. మరుసటి సంవత్సరం, 1981లో, కన్నుమూశారు.

ఆయన పోయినా ఆ పని ఆగలేదు. డెన్మార్క్ దేశం 2005లో పాఠశాలల్లో ఈ శిక్షణను తప్పనిసరి చేసింది. ఇతర చర్యలు కూడా దీనికి తోడయ్యాయి. 2001లో అక్కడ ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారిలో నూటికి 21 మందికి మాత్రమే పక్కనున్నవారు ఈ సహాయం చేయగా, 2010 నాటికి ఆ సంఖ్య సుమారు 45కు పెరిగింది. నెల రోజుల తరువాత బ్రతికి ఉన్నవారు నూటికి మూడున్నరనుంచి దాదాపు పదకొండుకు చేరారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పన్నెండేళ్ళ వయసునుంచి ప్రతి విద్యార్థికీ ఏటా రెండు గంటలపాటు ఈ శిక్షణ ఇవ్వాలన్న ప్రతిపాదనను బలపరచింది. సంవత్సరానికి రెండు గంటలు! మన విద్యార్థులు సినిమా చూడడానికి వెచ్చించే సమయం కన్నా అది తక్కువ.

గుణాలను చెప్పినప్పుడు లోపాన్ని కూడా చెప్పడం న్యాయం. ఆ బొమ్మకు స్త్రీ ముఖం ఉన్నా రొమ్ము మాత్రం చదునుగానే ఉంటూ వచ్చింది. అమెరికాలో ఇటీవలి సంవత్సరాల్లో జరిపిన పరిశీలనల్లో, బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగి పడిపోయిన స్త్రీలకు పురుషులకన్నా తక్కువగా ఈ సహాయం అందుతున్నదని తేలింది. పరస్త్రీని తాకడానికి చేయి వెనుకాడుతున్నది. పాశ్చాత్య దేశాల్లోనే ఇట్లా ఉంటే, పరదా, మర్యాద ఎక్కువగా పాటించే మన సమాజంలో సంగతి చెప్పనక్కరలేదు. అయితే ప్రాణరక్షణను పరమధర్మంగా బోధించే మన మతం, విధిలేని పరిస్థితిలో మామూలు నిషేధాలు సడలుతాయన్న సూత్రాన్ని ఏనాడో స్థిరపరచింది. ఉర్దూ శాఖలోని పెద్దలకు జరూరత్ అన్న ఆ మాటను నేను వివరించనక్కరలేదు. అదీగాక మన ఆడపిల్లలే ఈ విద్య నేర్చితే ఈ సంకోచమే ఉండదు. తల్లిని కూతురు, అక్కను చెల్లెలు కాపాడుకోగలుగుతారు.

ఈ జీవితచరిత్రను నేను ఎందుకు ఎన్నుకున్నానో చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ళ క్రితం మా బంధువుల ఇంట నికా జరుగుతున్నది. దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. నన్ను చిన్నప్పుడు భుజాలమీద మోసిన మామూ మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకు ఒరిగిపోయారు. చుట్టూ వందమందికి పైగా ఉన్నాము. ఒకరు విసనకర్రతో విసిరారు. ఒకరు ముఖాన నీళ్ళు చల్లారు. మూర్ఛ అనుకుని ఎవరో తాళంచెవుల గుత్తి తెచ్చి అరచేతిలో పెట్టారు. మరొకరు అరికాళ్ళు రుద్దారు. ఆటో వచ్చేసరికి, ఆసుపత్రి చేరేసరికి అరగంట దాటింది. అందరికీ ఆయనమీద ప్రేమ ఉంది. ఏం చేయాలో ఒక్కరికీ తెలియదు. ఎం.ఏ. చదివి, పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పే నేను ఒక మూలన నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. చావుబ్రతుకులు అల్లా చేతిలోనివి. ఆనాడు రొమ్ము నొక్కి ఉంటే ఆయన తప్పక బ్రతికేవారని నేను అనను. కాని మన వంతు ప్రయత్నం మనం చేయలేదన్న బాధ మాత్రం నన్ను విడువలేదు. ఆ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉన్నట్లు ఉంటుంది.

ఆ తరువాత నేను ఒక శిక్షణ శిబిరానికి వెళ్ళి ఈ విద్య నేర్చుకున్నాను. అక్కడ నేలమీద పడుకోబెట్టిన బొమ్మ ముఖంలోనే నేను ఆన్‌ను మొదటిసారి చూశాను. పెద్దవారు ఉన్నట్టుండి కుప్పకూలి, పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీయకుంటే, ముందు 108కి ఫోను చేయించాలి. రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి రొమ్ము నడుమ, నిమిషానికి 100నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కుతూ పోవాలి. శిక్షణ పొందినవారు 30 సార్లు నొక్కి 2 సార్లు ఊపిరి ఊదుతారు. ఊదడం రానివారు ఆగకుండా నొక్కుతూ ఉన్నా మేలే. నీట మునిగినవారికి మాత్రం ఊపిరి అందించడం ముఖ్యం. ఇంత చిన్న పాఠం! కాని చదివితే రాదు. మోకాళ్ళమీద కూర్చుని, చెమట పట్టేదాకా నొక్కితేనే వస్తుంది.

మన ఉమ్మడి రాష్ట్రంలో 108 వాహనాలు 2005 ఆగస్టు 15న రోడ్డెక్కాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఈ శిక్షణను విస్తృతంగా చేపట్టింది. ఇవి సంతోషించదగిన విషయాలు. కాని ఎంత వేగంగా వచ్చే వాహనానికైనా మన ఇరుకు వీధుల్లో తొలి నాలుగైదు నిమిషాలు అందవు. ఆ నిమిషాలు పక్కనున్నవారివే. కళాశాల పాలకవర్గంవారికి నా సవినయ మనవి ఒక్కటే. నార్వే పొదుపు బ్యాంకులు చేసిన పనిని మన కళాశాల తన శక్తికొలదీ చేయవచ్చు. ఒక్క బొమ్మను తెప్పించి, అనుభవజ్ఞులను పిలిపించి, ఏడాదికి రెండు గంటలు కేటాయిస్తే చాలును. ఇక్కడ నేర్చిన విద్యార్థులు సమీపంలోని ఉన్నత పాఠశాలలకు వెళ్ళి చిన్నవారికి నేర్పగలరు. దీపం నుంచి దీపం వెలిగినట్లు అది సాగుతుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఆస్‌మండ్ లేర్డాల్ మనకు పద్యం రాసి ఇవ్వలేదు, ఉపన్యాసం చెప్పలేదు. మాటలాడని ఒక బొమ్మను మనకు వదలి వెళ్ళారు. దాని ముందు ఒక్కసారి మోకరించండి. ఏనాడో, ఏ నికా పందిట్లోనో, ఏ చెరువు గట్టునో, మీ చేతుల అవసరం ఒకరికి కలగవచ్చు. ఆనాడు మీ చేతిలో నీళ్ళ గ్లాసు మాత్రమే ఉండకూడదని ఈ అధ్యాపకుని కోరిక.